విలియం రాక్స్‌బర్గు

విజయనగరమునకు సమీపమున చంపావతీ నదీతీరమున నెల్లిమర్ల యను ఊరు కలదు. జనపనార మిల్లు వలన ఆ ఊరి పేరు ఆంధ్రదేశమున పలువురకు తెలిసినది. ఆ చుట్టుపట్ల పల్లెలలో రైతులు గోగును పండించి, కాడలను నీట నానవేసి, నారను ఒలిచి సంతకు తెచ్చుట తరతరముల వాడుక. ఇట్టి నారలలో మేలైన వంగదేశపు జనపనారను 1795 ప్రాంతమున లండను నగరమునకు మచ్చుగా పంపి, దాని గుణములను అచటి వారికి తెలిపినవాడు విలియం రాక్స్‌బర్గు. ఆయన వృత్తిచే వైద్యుడు. కీర్తి మాత్రము వృక్షశాస్త్రము వలన వచ్చినది. ఆ కీర్తికి పునాది పడినది మన సర్కారు సీమలోనే.

రాక్స్‌బర్గు 1751వ సంవత్సరమున స్కాట్లాండులోని అయిర్‌షైరు మండలమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యము నభ్యసించెను. ఔషధములలో పెక్కు మొక్కలనుండియే లభించుటచే, ఆ కాలపు వైద్య విద్యార్థులు వృక్షశాస్త్రమును కూడ చదువుచుండిరి. జాన్ హోపు అను ఆచార్యుడు అచటి ఉద్యానమున మొక్కలను చూపుచు పాఠములు చెప్పుచుండెను. ఆయన శిష్యులలో రాక్స్‌బర్గు ఒకడు. పిమ్మట ఆ యువకుడు కుంపిణీ వారి ఓడలలో వైద్య సహాయకుడుగా పనిచేసి, 1776లో చెన్నపట్టణమున కొలువున చేరెను.

దక్షిణదేశమున ఆయనకు కోనిగ్ అను పండితునితో స్నేహము కుదిరెను. కోనిగ్ సుప్రసిద్ధుడైన లిన్నేయసునకు శిష్యుడు. తరంగంబాడికి వచ్చి మొక్కలను సేకరించుటలోనే జీవితమును గడపినవాడు. 1785లో ఆయన కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున రోగపీడితుడై మరణించినపుడు చికిత్స చేసినవాడు రాక్స్‌బర్గే. కోనిగ్ చేయుచుండిన పని కొంతకాలము విశాఖపట్టణముననున్న పాట్రిక్ రసెల్ అను వైద్యునకు సంక్రమించెను. మన దేశపు పాములను గూర్చి గొప్ప గ్రంథము వెలువరించినవాడు ఈ రసెలే. ఆయన స్వదేశమునకు మరలిన పిదప ఆ బాధ్యత రాక్స్‌బర్గునకు వచ్చెను.

అంతకు మునుపే, 1781లో, రాక్స్‌బర్గు సామర్లకోటకు వైద్యుడుగా వచ్చెను. తీరిక చిక్కినప్పుడెల్ల అడవులును, కొండలును, చెఱువు గట్లును తిరిగి మొక్కలను సేకరించెను.

విద్యార్థులారా! మొక్కను సేకరించుట యనగా కోసి తెచ్చుట మాత్రమే కాదు. పూవు, కాయ, ఆకు గల కొమ్మను కాగితముల నడుమ పరచి, బరువుచే అదిమి, తడి పూర్తిగ ఇంకువరకు కాగితములను మార్చుచుండవలెను. ఎండిన పిదప దళసరి కాగితమునకు అంటించి, దొరికిన చోటు, తేదీ, స్థానిక నామము వ్రాసి యుంచవలెను. పుట్టగొడుగులు మొదలగు శిలీంధ్రములను ఎండించి కాగితపు పొట్లములలో భద్రపరతురు. ఇట్టి భాండారమును శుష్క వృక్ష సంగ్రహమనియు, హెర్బేరియమనియు అందురు. మన కోస్తా గాలిలో తేమ యెక్కువ. ఒక్క వానకాలము ఏమరినచో బూజును, పురుగును ఏండ్ల శ్రమను తినివేయును. అట్టి శ్రమ నంతయు ఒక్క పెట్టున పోగొట్టుకొనుట రాక్స్‌బర్గునకు తప్పలేదు.

1787వ సంవత్సరము మే నెలలో ఘోరమైన తుపాను వీచి, సముద్రము పొంగి, కోరంగి, ఇంజరము ప్రాంతములను ముంచివేసెను. వేలకొలది ప్రజలు మడిసిరి. పశువులకు లెక్క లేదు. ఆ ఉప్పెనలో రాక్స్‌బర్గు గ్రంథములును, వ్రాతప్రతులును, కర్ణాటక సీమలో ఏండ్ల తరబడి కూర్చిన ఎండు మొక్కలును నీటి పాలయ్యెను. అప్పటి కాయన వయస్సు సుమారు 36 సంవత్సరములు. మరియొకడైనచో వైద్యము చాలునని ఊరకుండెడివాడేమో! రాక్స్‌బర్గు మరల మొదటినుండి ఆరంభించెను. నేడు మనకు లభించుచున్న ఆయన కృషిలో అధిక భాగము ఆ ఉప్పెనకు తరువాతిదే.

ఆయన సామర్లకోటలో ప్రయోగముల తోట నొకదానిని పెంచెను. కాఫీ, దాల్చిన చెక్క, జాజికాయ, జాఫ్రా, మల్బరీ మొదలగువానిని అందు నాటించెను. రాజమహేంద్రవరపు కొండలలో మిరియపు తీగ అడవి మొక్కగా పెరుగుట గమనించి, దానిని కూడ తెచ్చి తోటలో పెంచెను. కుంపిణీ వారికి కావలసినది లాభము. లాభము లేని శాస్త్రమునకు వారు ధనమిచ్చుట అరుదు. ఈ సంగతిని మరుగుపరచి రాక్స్‌బర్గును కేవల జ్ఞానపిపాసిగా వర్ణించుట న్యాయము కాదు. ఐనను ఆయన మన రైతుల నుండి నేర్చుకొనుటకు సంకోచింపలేదు. చెఱకును ఏటేట ఒకే పొలమున వేయక, మూడు నాలుగేండ్లకు ఒక పర్యాయము మాత్రమే నాటెడి వారి పద్ధతిని, బెల్లము వండు విధమును శ్రద్ధగా పరిశీలించి వ్రాసెను. బట్టలకు ఎఱ్ఱరంగు నిచ్చు చిరివేరును, నీలి రంగు నిచ్చు అంకుడు ఆకులను గూర్చియు వ్రాసెను. ఏటికొప్పాక లక్క బొమ్మలకు వాడెడి అంకుడు కఱ్ఱ ఈ చెట్టుదే.

1789 మొదలు 1792 వరకు సర్కారు జిల్లాలలో వానలు తప్పి భయంకరమైన క్షామము వచ్చెను. ఆకలిచే జనులు కూలుట రాక్స్‌బర్గు కన్నులార చూచెను. ఆయన ఏండ్ల తరబడి ప్రతి దినమును వానను, వేడిమిని, గాలిని కొలిచి వ్రాసికొను అలవాటు గలవాడు. ఈ సీమకు క్షామము కొత్త కాదని గ్రహించి, పిఠాపురము సంస్థానపు వారి నుండి పూర్వపు కఱవుల వృత్తాంతములను కూడ తెలిసికొనెను. వరి యెండిపోయినను బ్రతికి యుండి జనులకు ఆహారమీయగల కొబ్బరి, తాటి, పనస వంటి చెట్లను గట్ల వెంట విరివిగా నాటింపవలెనని దొరలకు సలహా నిచ్చెను. ఆ సలహాను వారు అప్పుడే పూర్తిగా పాటించి యుండినచో తరువాతి కఱవులలో కొన్ని ప్రాణములైనను దక్కెడివని తోచుచున్నది.

ఆయన తన గ్రంథములలో మొక్కల తెలుగు పేర్లను కూడ వ్రాయుట మనకు విశేషమైన సంగతి. సోమిద యను చెట్టు మన కొండలలో గలదు. దాని చేదు పట్ట జ్వరములకు మందు కాగలదని ఆయన తలచెను. దక్షిణ అమెరికా నుండి వచ్చు సింకోనా పట్ట ఆ కాలమున మిక్కిలి ఖరీదైనది. దానికి బదులుగా సోమిద పట్టను వాడవచ్చునని 1793లో ఒక చిన్న పుస్తకము వెలువడెను. సింకోనా స్థానమును సోమిద ఆక్రమింపలేదు గాని, తరువాతి పండితులు ఆ వృక్షజాతికి సోమిద యను తెలుగు పేరునుండియే సోయ్‌మిడా అను శాస్త్రీయ నామమును కల్పించిరి.

ఎండిన మొక్క రంగును కోల్పోవును. అందుచే రాక్స్‌బర్గు దేశీయ చిత్రకారులను కొలువున నుంచి, పచ్చి మొక్కలను చూచి బొమ్మలు వ్రాయించెను. వారు కొమ్మను నిజమైన రంగులతో దించుటయే గాక, పూవును విప్పి కేసరములను, కాయను కోసి గింజలను వేరువేరుగ చిత్రించిరి. ఈ చిత్తరువులు లండను చేరగా, జోసెఫ్ బ్యాంక్సు వానినుండి 300 ఎన్నుకొని, కోరమాండలు తీరపు మొక్కలు అను గ్రంథమును అచ్చువేయించెను. అది 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడెను.

1793లో కలకత్తా ఉద్యాన స్థాపకుడైన రాబర్ట్ కిడ్ మరణించుటచే, రాక్స్‌బర్గు ఆ ఉద్యానమునకు అధిపతిగా వెడలిపోయెను. అచట ఆయన స్థాపించిన శుష్క వృక్ష సంగ్రహమే క్రమముగా పెరిగి హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియమైనది. నేడు అందు దాదాపు 20 లక్షల నమూనాలు కలవు. ఆ తోటలో 300 రకములుగా నున్న మొక్కలు ఆయన కాలమున 3,500 రకములకు పెరిగినవి. నారలనిచ్చు మొక్కలపై పరీక్షలు జరిపి, జనపనార బలమును నిరూపించినది ఈ కాలముననే. 1830 తరువాత స్కాట్లాండులోని డండీ నగరమున మరమగ్గములపై జనపనార నేత స్థిరపడెను.

ఆరోగ్యము చెడుటచే 1813లో ఆయన భారతదేశమును విడిచెను. 1815లో ఎడింబరోలో మరణించెను. భారతదేశపు మొక్కలను గూర్చి ఆయన వ్రాసిన బృహద్గ్రంథము అప్పటికి వ్రాతప్రతిగానే యుండెను. మిత్రుడైన విలియం కేరీ దానిని శ్రీరామపురమున ముద్రింపించెను. 1832లో మూడు సంపుటములును పూర్తి యయ్యెను.

ఆయన సేకరించిన ఎండు మొక్కలు యూరపు ఖండమున పలు నగరములకు చెదరిపోయినవి. చాల మొక్కల విషయమున నేటి శాస్త్రజ్ఞులు ఆయన వేయించిన బొమ్మలనే ఆధారముగా చూచెదరు. 2,500కు మించిన ఆ చిత్తరువుల ప్రతులు హౌరాలోను, లండను చెంతనున్న క్యూ ఉద్యానములోను భద్రముగా నున్నవి. మొక్క సంఖ్యయు, పేరును వానిపై కలవు. వ్రాసిన చిత్రకారుని పేరు మాత్రము లేదు.