సర్ రౌలండ్ హిల్

లోకమునకు చౌక తపాలా నొసఁగిన రౌలండ్ హిల్ 1795వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులోని కిడర్‌మినిస్టరు పట్టణమున జన్మించెను. తండ్రి ఉపాధ్యాయుఁడు, కుటుంబము బీదది. పండ్రెండేండ్ల ప్రాయముననే రౌలండు తండ్రి బడిలో పిల్లలకు పాఠములు చెప్ప నారంభించెను. గణితమునం దాతనికి మిక్కిలి ప్రీతి. పిమ్మట నీ కుటుంబమువారు బర్మింగుహాము చెంత నడపిన హేజల్‌వుడ్ పాఠశాలలో బెత్తపు దెబ్బలు లేవు. విద్యార్థులే న్యాయసభగాఁ గూడి తమలోని తప్పులను విచారించుచుండిరి.

ఆ కాలమున జాబునకు రుసుము దూరమును బట్టియు, కాగితముల సంఖ్యను బట్టియు ఏర్పడుచుండెను. తపాలా గుమాస్తా ప్రతి జాబును దీపమున కెదురుగాఁ బట్టి, లోపలి కాగితము లెన్నియో చూచి, దూరము లెక్కించి, రుసుమును జాబుపై వ్రాయవలెను. ఆ సొమ్మును సామాన్యముగా జాబు నందుకొనువారే చెల్లింపవలసి యుండుటచే బంట్రోతు ప్రతి వాకిటను నిలిచి వసూలు చేయుచుండెను. సొమ్ము లేని బీదలు తమవారి జాబులనే తిరుగఁగొట్టుటయుఁ గలదు.

హిల్ ఈ ఖర్చులను శ్రద్ధతో లెక్కించెను. లండను నుండి ఎడింబరోకు ఒక జాబును మోయుటకు పెన్నీలో 36వ పాలు మాత్రమే యగుచుండఁగా, ప్రజలయొద్ద ఒక షిల్లింగునకుఁ బైగా తీసికొనుచుండిరి. ఖర్చంతయు దారిలోఁ గాక, కచేరిలోని లెక్కలయందును, వసూళ్లయందును ఉన్నదని ఆతఁడు గ్రహించెను. దూర మెంతయైనను అర ఔన్సు జాబునకు ఒక్క పెన్నీ చాలుననియు, దానిని ముందే చెల్లింపవలెననియు 1837లో ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. తపాలా అధికారులు పరిహసించిరి. ప్రజలు మాత్రము అర్జీలు పంపి యతనిఁ బలపఱచిరి. 1840 జనవరి 10న పెన్నీ తపాలా అమలులోనికి వచ్చెను. మే 6 నుండి తపాలా బిళ్ల చెలామణి యయ్యెను. 1839లో సుమారు 7 కోట్ల 60 లక్షలుగా నుండిన జాబులు 1840లో సుమారు 16 కోట్ల 90 లక్ష లాయెను.

అయినను ఆదాయము తగ్గెను, ప్రభుత్వమును మాఱెను. 1842లో హిల్ ఉద్యోగమునుండి తొలఁగింపఁబడెను. ఆతఁడు నిరాశ చెందక వేఱు కొలువున కాలము గడపి, 1846లో మరల తపాలాశాఖకుఁ బిలువఁబడి, 1854లో దాని కార్యదర్శి యయ్యెను.

అప్పటికి జాబులు పెరిగి క్రొత్త చిక్కు కలిగెను. లండనులోని జాబులన్నియు ప్రధాన కచేరికిఁ బోయి, అచ్చట వేఱుచేయఁబడి, మరల నగరమునకు రావలసి యుండెను. ప్రక్కవీథి జాబునకును ఇదియే గతి! హిల్ ప్రణాళికను బట్టి 1857–58లో నగరము 10 మండలములుగా విభజింపఁబడెను. ప్రతి మండలమునకు వేఱు కచేరియు, దిక్కును దెలుపు అక్షరములును ఏర్పడెను. ఆ యక్షరములను చిరునామా చివర వ్రాయుఁడని ప్రజలను గోరిరి. ఇట్లు జాబులను వేఱుచేయు పనిలో కొంతభాగము వ్రాయువాని చేతికే వచ్చెను.

మన దేశమునను 1854లో దూరముతో నిమిత్తము లేక అర్ధణా తపాలా నెలకొనెను. 1972 ఆగస్టు 15న ఆఱంకెల పిన్‌కోడు వచ్చెను. అందు మొదటి యంకె మండలమును, చివరి మూఁడంకెలు జాబును బట్వాడా చేయు కచేరిని దెలుపును.

హిల్ 1864లో అనారోగ్యముచే కొలువు విడిచి, 1879 ఆగస్టు 27న పరమపదించెను. వెస్ట్‌మినిస్టరు ఆలయమున ఆతని సమాధి గలదు.

విద్యార్థులారా! ఒక ఉపాధ్యాయుని కుమారుఁడు ఓపికతో వేసిన లెక్క బీదవాని యింటికి జాబును జేర్చెను. మీరును చిరునామాలను తేటగా, సంపూర్ణముగా వ్రాయుఁడు. జాబులను వేఱుచేయు గుమాస్తాకు అదియే గొప్ప సాయము.