సర్ అక్బర్ హైదరీ: సుంకములు, పరిశ్రమలు

కాశిబుగ్గనుండి హనుమకొండవరకు ఆజంజాహీ మిల్లు పేరు వినని ఇల్లుండదు. 1934లో నెలకొన్న ఆ మిల్లునకు ఆధారమైన పారిశ్రామిక నిధిని ఏర్పరచిన ఆర్థికమంత్రి పేరు మాత్రము కొలదిమందికే తెలియును. ఆయనయే సర్ అక్బర్ హైదరీ.

హైదరీగారు 1869 నవంబరు 8వ తేదీన బొంబాయిలో బోరా కుటుంబమున జన్మించిరి. సెంట్ జేవియర్ కళాశాలలో చదివి, 1888లో భారత ప్రభుత్వ ఆర్థికశాఖలో ప్రవేశించిరి. లెక్కలలో వారికి గల నేర్పును చూచి నిజాము ప్రభుత్వము 1905లో వారిని హైదరాబాదునకు రప్పించుకొనెను. 1908లో మూసీనది పొంగినప్పుడు వారి భార్య అమీనాబేగము బాధితులకు చేసిన సేవను జనులు చిరకాలము చెప్పుకొనిరి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలయుటకు హైదరీగారు ముఖ్యకారకులు. అందు బోధనాభాష తెలుగు గాక ఉర్దూ యగుట వేరు సంగతి.

1921లో ఆర్థికమంత్రి పదవి చేపట్టునప్పటికి వారి చేతులను ఒక పాత కాగితము కట్టివేసి యుండెను. అది 1802లో నిజామునకు ఈస్టిండియా కంపెనీకి కుదిరిన వర్తక సంధి. కంపెనీ సీమనుండి వచ్చు సరకుపై నూటికి 5 రూపాయలకు మించి సుంకము కూడదని దాని నిబంధన. యంత్రములపై నేసిన లాంకషైరు గుడ్డకు ఆ 5 రూపాయలు ఒక అడ్డా? 1851లో లండను మహాప్రదర్శనమున తన తివాచీలను నిలిపిన ఓరుగల్లు వంటి పట్టణమున్న రాజ్యము, తన పనివారిని సుంకముతో కాచుకొనజాలకపోయెను. ఆ పన్ను ఖజానాకు రాబడియే గాని పరిశ్రమకు రక్షణ గాలేదు. ప్రత్తి ఎల్లదాటునప్పుడు ఒక సుంకము, అదే గుడ్డయై తిరిగివచ్చునప్పుడు మరియొకటి.

ఇంకొక చిక్కు గలదు. హైదరాబాదునకు సముద్రతీరము లేదు. విదేశపు సరకు బ్రిటిషు రేవులలో దిగి, అచ్చట సుంకము చెల్లించి వచ్చెడిది. ఆ భారమును తుదకు కొనువాడు మోయగా, సొమ్ము ఢిల్లీ ఖజానాకు చేరెడిది. 1930 మొదలు లండనులో జరిగిన రౌండు టేబిలు సమావేశములలో హైదరాబాదు ప్రతినిధివర్గమునకు నాయకులైన హైదరీగారికి సుంకముల చర్చ అందుచేతనే ప్రాణప్రదమయ్యెను.

సుంకము పెంచ వీలులేనప్పుడు వారు వేరొక మార్గము త్రొక్కిరి. 1929లో పారిశ్రామిక నిధి వెలసెను. పెద్ద కర్మాగారముల వాటాలు కొనుట, చిన్న పరిశ్రమలకు అప్పులిచ్చుట దాని పని. 1930లో రైల్వేను లండను కంపెనీనుండి కొని ప్రభుత్వపరము గావించిరి. ఇంతలో బ్రిటిషిండియా విధానమే మారెను. 1896నుండి దేశీయ మిల్లుగుడ్డపై నున్న నూటికి మూడున్నర రూపాయల పన్ను 1925లో నిలిచిపోయెను. విదేశపు గుడ్డపై సుంకము 1930లో బ్రిటిషు సరకునకు 15, ఇతరులకు 20 అయ్యెను. జపాను పోటీ ముదిరి, 1933లో బ్రిటిషేతర వస్త్రముపై 75కు పెరిగెను. ఆ గోడ ఢిల్లీ కట్టినదే. దాని చాటున 1934లో వరంగల్లు మిల్లు లేచినది. 1932లో పంచదారకు రక్షణ లభింపగా, 1937లో బోధనులో నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఏర్పడెను.

అయితే ఈ కథకు చేమగ్గము వైపున మరియొక ముఖము గలదు. సాలెవాడు నూలును కొనువాడు. 1927లో విదేశపు నూలుపై సుంకము హెచ్చినప్పుడు, మిల్లునకు అండయైనది మగ్గమునకు బరువయ్యెను. మిల్లులో వేలమందికి కూలి దొరకినమాట నిజమే, కాని ఇంట నేయువాని నష్టమును ఆ లెక్కలో చేర్చినవారు అరుదు. హైదరీగారి చక్కని బడ్జెట్లలోనూ అది కానరాదు.

1937లో వారు ప్రధానమంత్రియైరి. స్టేట్ కాంగ్రెసు 1938లో నిషేధింపబడినది వారి హయాముననే. ఆర్థికమున చూపిన దూరదృష్టిని ప్రజల హక్కుల విషయమున చూపలేదు. 1941లో వైస్రాయి కార్యనిర్వాహకవర్గమున చేరి, 1942 జనవరిలో ఢిల్లీలో మరణించిరి. హైదరాబాదు ఎల్లలపైని సుంకపు నాకాలు వారి కాలమున పోలేదు. 1950లో ఆర్థిక విలీనము జరిగిన పిదప అవి క్రమముగా తొలగెను.