బాపూజీ – ఆహార నియమం – జీవకారుణ్యం

జాతిపిత మహాత్మా గాంధీ శాకాహారి అన్న సంగతి మనందరికీ తెలిసినదే. వైష్ణవ కుటుంబంలో పుట్టారు కనుక అది సహజమేనని అనుకుంటాము. కాని ఆయన జీవితాన్ని పరిశీలిస్తే ఆ నియమం అంత తేలికగా స్థిరపడలేదని తెలుస్తుంది. ఏవగింపు, తల్లిపై ప్రేమ, జాలి ఒక్కొక్క దశలో ఆయనను ఒక్కొక్క విధంగా నడిపించాయి.

గాంధీజీ 1869 అక్టోబరు 2న పోరుబందరులో జన్మించారు. రాజకోటలో హైస్కూలు చదివే రోజుల్లో ఒక స్నేహితుడు ఆయనను మాంసాహారం వైపు మళ్ళించాడు. ఆంగ్లేయులు మాంసం తినడం వల్లనే బలవంతులై మనలను పాలిస్తున్నారని ఆనాటి యువకులు కొందరు నమ్మేవారు. దేశం బాగుపడాలంటే తానూ తినవలసిందేనని బాలుడైన మోహనదాసు నిశ్చయించుకున్నాడు. ఏటి ఒడ్డున చాటుగా మేక మాంసం తిన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కునుకు పట్టినప్పుడల్లా బ్రతికి ఉన్న మేక తన కడుపులో అరుస్తున్నట్లు అనిపించి ఉలిక్కిపడి లేచేవాడు.

ఇంతటి ఏవగింపు కలిగినవాడు మరల ముట్టడని అనుకుంటాము. అలా జరగలేదు. రుచిగా వండిన వంటకాల ముందు ఆ భావం క్రమంగా మొద్దుబారింది. సుమారు ఏడాది కాలంలో మరికొన్ని సార్లు తిన్నాడు. చివరకు మానిపించినది మేకపై జాలి కాదు, తల్లి పుత్లీబాయితో అబద్ధమాడవలసి వస్తున్నదన్న బాధ. తల్లిదండ్రులు జీవించి ఉన్నంత కాలం తినకూడదని, ఆ తరువాత స్వేచ్ఛగా తినవచ్చునని అప్పటి నిర్ణయం.

1888లో బారిష్టరు చదువుకు ఇంగ్లండు వెళ్ళే ముందు, మద్యమాంసాలు, పరస్త్రీ సంపర్కం ముట్టనని ఒక జైన సాధువు సమక్షంలో తల్లికి ప్రమాణం చేశారు. లండనులో ఆకలితో నకనకలాడుతూ కూడా ఆ మాట తప్పలేదు. ఒకనాడు ఫారింగ్‌డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాల కనిపించింది. అక్కడ హెన్రీ సాల్ట్ శాకాహారాన్ని సమర్థిస్తూ వ్రాసిన చిన్న పుస్తకాన్ని ఒక షిల్లింగు పెట్టి కొన్నారు. అది చదివిన తరువాతనే తల్లి కోసం పాటిస్తున్న నియమం తన సొంత నియమమయింది. అంతవరకు హృదయం పట్టుకున్నదానికి బుద్ధి కూడా తోడయింది.

1902లో కలకత్తాలో కాళీఘట్టానికి వెళ్ళినప్పుడు బలికి తోలుకుపోతున్న గొర్రెల మందలను, ఆలయం వద్ద ప్రవహిస్తున్న రక్తాన్ని చూసి చలించిపోయారు. డప్పుల మోతలో గొర్రెలకు నొప్పి తెలియదని ఒక మిత్రుడు సమాధానం చెప్పినా ఆయనకు రుచించలేదు. గొర్రె ప్రాణం మనిషి ప్రాణం కంటె తక్కువైనది కాదన్న విశ్వాసం గట్టిపడింది. అదే ఏడాది బొంబాయిలో పదేళ్ళ కుమారుడు మణిలాలు సన్నిపాత జ్వరంతో మంచమెక్కాడు. కోడిగ్రుడ్లు, కోడి పులుసు ఇవ్వాలని డాక్టరు చెప్పారు. కన్నకొడుకు ప్రాణం ఒకవైపు, నమ్మిన నియమం మరొకవైపు. పిల్లవాని అభిప్రాయం కూడా అడిగి, జలచికిత్స చేశారు. ఆ రాత్రి తండ్రి పడిన ఆందోళన అంతా ఇంతా కాదు. పిల్లవాడు కోలుకున్నాడు.

పాల కోసం ఆవులను, గేదెలను పెట్టే హింస గురించి తెలుసుకుని, 1912లో దక్షిణాఫ్రికాలో పాలు కూడా మానివేశారు. 1918లో జిగట విరేచనాలతో ప్రాణం మీదకు వచ్చింది. ప్రతిజ్ఞ చేసినప్పుడు ఆయన మనసులో ఉన్నవి ఆవు, గేదె పాలే కదా అన్న సమాధానంతో, కస్తూరిబా ప్రోద్బలంపై మేకపాలు త్రాగారు. మాట నిలిచినా దాని అంతరార్థం నిలవలేదన్న బాధ ఆయనను విడిచిపెట్టలేదు.

ఆయన జాలికి అసలైన పరీక్ష 1928లో సబర్మతీ ఆశ్రమంలో ఎదురయింది. ఒక దూడ దెబ్బతిని, లేవలేక, ప్రక్కకు తిప్పినా భరించలేక విలవిలలాడుతున్నది. పశువైద్యుడు ఆశ వదులుకున్నారు. గాంధీజీ సహచరులతో ఆలోచించి, విషపు సూదిమందు ఇప్పించి దాని బాధ ముగించారు. అహింసావాది గోహత్య చేయించాడని దేశమంతటి నుండి కోపంతో ఉత్తరాలు వచ్చాయి. చూడలేకపోవడం మన బాధ, అనుభవించేది దూడ బాధ. మొదటి దానిని తప్పించుకోవడానికి రెండవ దానిని పొడిగించడం అహింస కాదని ఆయన భావం. తన నిర్ణయాన్ని పత్రికాముఖంగా వివరించారు.

1931లో లండను శాకాహార సంఘంలో, వృద్ధుడైన సాల్ట్ సమక్షంలో ప్రసంగించారు. ఆరోగ్యం కోసమే మాంసం మానినవారు చాలామంది మరల వెనుకకు పోతారని, నియమం నిలవాలంటే నైతికమైన పునాది కావాలని చెప్పారు. అయితే తిండిని బట్టే మనిషి యోగ్యతను లెక్కకట్టడాన్ని ఆయన ఏనాడూ అంగీకరించలేదు.

మన సంఘ సభ్యులలో మాంసం తినేవారూ ఉన్నారు, తిననివారూ ఉన్నారు. ఎవరి అలవాటు వారిది. అయినా బాపూజీ జీవితం ఇరువురికీ పనికివస్తుంది. ఏవగింపు కొన్నాళ్ళకు అరిగిపోవచ్చు, జాలి దారి తప్పవచ్చు. ఆ భావం కలిగినప్పుడు అది మన మనశ్శాంతి కోసమా, ఆ మూగజీవి మేలు కోసమా అని ఒక్క క్షణం ప్రశ్నించుకుంటే చాలు. ఆయన ఆ ప్రశ్న వేసుకోవడం జీవితాంతం మానలేదు.