న్యాయవాది కలం.. పల్లెకు గళం

గద్వాల: చదివినది న్యాయశాస్త్రం. నడిపినది పత్రిక. వార్తలు రాయడం వృత్తిగా నేర్చినవారే పత్రికాధిపతులు కావాలన్న నియమం నిజాం రాష్ట్రపు తెలుగువారి విషయంలో చెల్లదని సురవరం ప్రతాపరెడ్డి తన జీవితంతో నిరూపించారు. నేటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలోని బోరవెల్లిలో 1896 మే 28న ఆయన జన్మించారు. స్వగ్రామం ఇటికాలపాడు. మద్రాసులో బి.ఎ., బి.ఎల్. పూర్తిచేసి, కొంతకాలం న్యాయవాదిగా ఉన్నారు. అనంతరం హైదరాబాదు రెడ్డి హాస్టల్ నిర్వహణ బాధ్యతలు స్వీకరించారు.

అన్నీ తానై..

ఆనాడు సంస్థానంలో రాజభాష ఉర్దూ. అత్యధిక ప్రజల మాతృభాష తెలుగు అయినా కచేరీలోను, పాఠశాలలోను దానికి ఆదరణ కరవు. 1922లో ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ను, నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామనరసింహారావు ‘నీలగిరి’ని వెలువరించారు. ఆ బాటలోనే 1926 మే 10న హైదరాబాదులో ‘గోలకొండ పత్రిక’ వెలసింది. నగర కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి ప్రోత్సాహం అందించారు. వారానికి రెండుసార్లు వెలువడే ఆ పత్రికకు ప్రతాపరెడ్డి రచయిత, సంపాదకుడు, ప్రూఫు దిద్దేవాడు, గుమాస్తా కూడా తానే అయ్యారని చెబుతారు. చిత్రగుప్త, భావకవి రామన్న వంటి మారుపేర్లతోనూ రాశారు.

కట్టడికి జవాబు

వెట్టిచాకిరి, అధికారుల దౌష్ట్యం, మాతృభాషలో విద్య లేకపోవడం వంటి పల్లె సమస్యలు పత్రికకెక్కాయి. పాలకులకు ఇది కంటగింపయింది. సంపాదకీయాలను ముందుగా చూపి అనుమతి పొందాలని ప్రభుత్వం ఆంక్ష విధించగా, ఆయన సంపాదకీయం స్థానంలో ప్రపంచ మేధావుల సూక్తులు ప్రచురించి నిరసన తెలిపారని ప్రతీతి. పత్రిక మూతపడితే పల్లె గోడు వినిపించే దారి మూసుకుపోతుంది. లొంగిపోతే పత్రిక ఉన్నా లేనట్లే. ఈ రెంటి నడుమ ఆయన సంపాదకత్వం సాగింది.

354 మంది కవులతో..

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్న విమర్శకు ఆయన వాదోపవాదాలతో కాక గ్రంథంతో బదులిచ్చారు. 1934లో 354 మంది కవుల రచనలు, వివరాలతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. పేరు మోసిన పండితులతోపాటు మారుమూల గ్రామాల్లో అజ్ఞాతంగా ఉన్నవారికీ అందులో చోటు దక్కింది. పత్రికలో ఎవరు రాయవచ్చునన్న ప్రశ్నకు ఆ సంచికయే సమాధానమైంది.

1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించారు. రాజుల యుద్ధాలను పక్కనపెట్టి సామాన్యుల తిండి, బట్ట, ఆటపాటలను, ఆచారాలను ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’గా రచించారు. 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. మరణానంతరం 1955లో ఆ గ్రంథానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 2025లో తెలంగాణ శాసనసభ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెడుతూ బిల్లును ఆమోదించింది.

విలేకరి అన్న గుర్తింపు పత్రం లేని రోజుల్లో, జనం కష్టసుఖాలు తెలియడమే పత్రికా రచనకు తొలి అర్హతగా నిలిపిన ఘనత ఈ నడిగడ్డ బిడ్డది.