పెన్షనర్ విశ్వేశ్వరయ్య గారు

మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పేరు వినగానే మనకు ఆనకట్టలు గుర్తుకు వస్తాయి. ఆయన కూడా మనలాగే పెన్షనరన్న సంగతి తోచదు. 1884లో బొంబాయి ప్రభుత్వ ఉద్యోగంలో చేరి, 1908లో విరమించి పెన్షన్ తీసుకున్నారు. నూరేళ్లు దాటి 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. అంటే, కొలువు చేసిన కాలానికి రెట్టింపు పైగా పెన్షనరుగా జీవించారన్నమాట!

వారి పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఇంట్లో మాట్లాడే భాష తెలుగు. మైసూరు సీమలోని ముద్దేనహళ్లిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోగా, పిల్లలకు చదువు చెప్పుకుంటూ బెంగుళూరులో బి.ఎ., తరువాత పూనాలో ఇంజనీరింగు పూర్తి చేశారు.

పెన్షన్ తీసుకున్న ఆ 1908లోనే మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. నిజాం ప్రభుత్వం పిలవగా వచ్చి, వరద నివారణకు పథకం తయారుచేశారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దాని ఫలితాలే. 1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా ఉన్నారు. 1955లో భారతరత్న అందుకున్నారు.

ఇన్నేళ్లూ మితాహారం, వేళకు నడక ఆయన తప్పలేదు. 1952లో గంగానదిపై వంతెనకు స్థలం చూడడానికి బీహారు వెళ్లారు. అప్పటికి తొంభై దాటాయి. కారు వెళ్లలేని చోట మోసుకుపోవడానికి అధికారులు కుర్చీ సిద్ధం చేశారట. ఆయన అది ఎక్కలేదు, ఎండలో నడిచే వెళ్లారని చెబుతారు.

ఇక నా సంగతి. గుమాస్తాగా రిటైరై పడక కుర్చీకి అతుక్కుపోయాను. మంచినీళ్లు కూడా కోడలే తెచ్చి ఇచ్చేది. రెండేళ్ల క్రితం ఒక పెళ్లిలో బంతి భోజనానికి కింద కూర్చుని, లేవలేక ఇద్దరి చేతులు పట్టుకున్నాను. సిగ్గుతో మళ్లీ పెళ్లిళ్లకు పోలేదు. జబ్బేమీ లేదు, వాడక తొడ కండరాలు చిక్కిపోయాయని డాక్టరు గారు తేల్చారు.

వయసుతో కండ తగ్గడం సహజమే. వాడకపోతే మరీ త్వరగా తగ్గుతుంది. వాడితే ఏ వయసులోనైనా తిరిగి బలం వస్తుంది. 1990లో అమెరికాలో తొంభై ఏళ్ల వృద్ధులకు ఎనిమిది వారాలు బరువులతో కసరత్తు చేయిస్తే కాళ్ల బలం రెట్టింపుకు మించి పెరిగింది. వారానికి 150 నిమిషాల నడకతో పాటు రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

డాక్టరు గారి సలహాపై రోజూ చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటున్నాను. గోడ పట్టుకుని మడమలెత్తుతున్నాను. సాయంత్రం నడక సరేసరి. మొన్న సంక్రాంతికి పీట మీద కూర్చుని భోంచేసి, ఎవరి సాయమూ లేకుండా లేచాను.

గుండెజబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవారు ముందు డాక్టరును అడగండి. మిగతా సోదరులారా, ఈ పేజీ ముగించి ఒక్కసారి కుర్చీలోంచి చేతులూనకుండా లేచి చూడండి!