డెన్నిస్ రిచీ

సి భాష నేర్చుకునే ప్రతి విద్యార్థికీ డెన్నిస్ రిచీ పేరు సుపరిచితమే. ఆయన ఊహించిన మరొక చిన్న ఏర్పాటును గూర్చి మాత్రం మనవారు అంతగా చెప్పుకోరు. దానిని గూర్చియే మేమిక్కడ వ్రాయదలచాము.

రిచీ 1941 సెప్టెంబరు 9న అమెరికాలోని బ్రాంక్స్‌విల్‌లో జన్మించారు. హార్వర్డులో భౌతికశాస్త్రం, పిమ్మట అనువర్తిత గణితం అభ్యసించి, 1967లో తండ్రి పనిచేసిన బెల్ ప్రయోగశాలలోనే చేరారు. పరిశోధనా గ్రంథం వ్రాసి కూడా, బైండు చేసిన ప్రతిని విశ్వవిద్యాలయానికి సమర్పించక డాక్టరేటు వదులుకున్నారు. పట్టాల కోసం ప్రాకులాడే మనబోటివారికి ఇది వింతే!

1969లో కెన్ థాంప్సన్ ఆరంభించిన యూనిక్స్ వ్యవస్థకు రిచీ కుడిభుజమయ్యారు. అందులో రూట్ అనే సర్వాధికారికి అడ్డు లేదు. తక్కినవారికి తమ ఫైళ్ళపైననే హక్కు. మరి సామాన్యుడు తన పాస్‌వర్డు మార్చుకోవాలంటే ఎట్లా? అది దాచిన ఫైలు రూట్ అధీనంలో ఉన్నది. ఇంతమాత్రానికి అతనిని సర్వాధికారిని చేయగలమా? రిచీ అధికారాన్ని మనిషికి గాక ప్రోగ్రాముకు అప్పగించారు. ప్రోగ్రాము ఫైలుకు ఒక్క బిట్టు గుర్తు పెడితే, నడిపేవాడెవడైనా అది తన యజమాని హక్కుతోనే నడుస్తుంది. పని ముగియగానే నడిపినవాడు మరల సామాన్యుడే. ఖజానా తాళంచెవి ఇవ్వకుండా, ఖజాంచీ చేత కావలసినంత తీయించి ఇచ్చినట్లన్నమాట. అయితే ఖజాంచీ బుద్ధిహీనుడైతే ఖజానా గుల్లే. ఆ గుర్తుగల ప్రోగ్రాములో దోషముంటే ఇక్కడా అంతే. సెట్‌యుఐడి అనబడే ఈ ఏర్పాటుకు 1979లో పేటెంటు లభించింది. తరువాత దానిని ప్రజలపరం చేశారు.

సామాన్యునికి రూట్ హక్కు నిచ్చే సుడో నేటికీ ఈ బిట్టు మీదనే నిలిచి ఉన్నది. పెన్‌డ్రైవు నుండియే నడిచే డెబియన్ లైవ్ లినక్సును చూడండి: అందులో యూజర్ అనే వాడుకరి తనంతట తానే ఏర్పడి, పాస్‌వర్డు అడగకుండానే సుడోతో రూట్ పనులన్నీ చేయగలడు. ఒంటరిగా వాడుకునేవానికి సౌకర్యమే. పదిమంది వాడే ప్రయోగశాలలో మాత్రం, ఆ యంత్రపు హార్డ్ డిస్కులోని పరుల ఫైళ్ళు సైతం అతని చేతికి చిక్కుతాయి. కనుక అట్టి వ్యవస్థను నిర్మించేవారు సుడో నియమాలలో కొన్ని ఆజ్ఞలనే అనుమతించాలి. లేదా బూటు వరుసలో నోరూట్ అనే మాట చేర్చి ఆ హక్కునే తొలగించాలి. బూటు వరుసను మార్చగలవాడు ఆ మాటను చెరిపివేయనూగలడు గనుక, దానికీ కాపలా అవసరం. ఇంత శ్రమ ఎందుకని కొందరు సందేహిస్తారు. అవసరమేనని మా అభిప్రాయం.

1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రిచీ, 2007లో పదవీ విరమణ చేశారు. 2011 అక్టోబరు 12న న్యూజెర్సీలోని స్వగృహంలో ఆయన మరణించి ఉండగా కనుగొన్నారు. అప్పటికి వారం క్రిందటనే స్టీవ్ జాబ్స్ కన్నుమూయగా, పత్రికలన్నీ ఆ వార్తతోనే నిండిపోయి ఉన్నాయి.