సముద్రం దాటినా నియమం తప్పని రామానుజన్

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు వెంటనే గుర్తుకొచ్చిన పేరు శ్రీనివాస రామానుజన్. ఆయన మహా గణిత శాస్త్రజ్ఞుడని మనకందరికీ తెలుసు. ఆయన లెక్కలు నాకు అర్థం కావు. అయితే ఆయన మనలాంటి గుమాస్తా కూడా. 1912 మొదట్లో మద్రాసు అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో 20 రూపాయల జీతానికి కొద్ది రోజులు తాత్కాలికంగా పనిచేశారు. ఆ ఏడాది మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతంపై చేరారు. పగలంతా ఆఫీసు లెక్కలు, రాత్రి సొంత లెక్కలు. అందుకే ఆయన నాకు మన మనిషిలా అనిపిస్తారు. నేను రాయబోయేది ఆయన లెక్కల గురించి కాదు, ఆయన తిండి గురించి, నమ్మకం గురించి.

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో పుట్టి కుంభకోణంలో పెరిగారు. తండ్రి బట్టల కొట్టులో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ గొప్ప భక్తురాలు. వారి ఇలవేల్పు నామక్కల్ క్షేత్రంలోని నామగిరి తాయారు. తన సూత్రాలు ఆ తల్లి కలలో కనిపించి చెప్పినవేనని ఆయన స్నేహితులతో అనేవారట. లెక్కల్లో తప్ప మిగతా సబ్జెక్టుల్లో తప్పి, కాలేజీ చదువు పోగొట్టుకున్నారు. 1905లో ఇల్లు విడిచి మన విశాఖపట్నం దాకా వచ్చేశారు కూడా. 1909లో జానకి అమ్మాళ్‌తో వివాహమయింది. ఉద్యోగం లేదు. అప్పుడు ఆదుకున్న పెద్దమనిషి నెల్లూరు కలెక్టరుగా ఉన్న రామచంద్రరావు గారు. నెలకు 25 రూపాయల చొప్పున దాదాపు ఏడాదిపాటు సొంత డబ్బు ఇచ్చారు. ఈ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

1913 జనవరిలో రామానుజన్ కేంబ్రిడ్జిలోని హార్డీ దొరగారికి తన సూత్రాలు రాసి పంపడం, ఆయన అబ్బురపడి రమ్మనడం అందరికీ తెలిసిన కథే. కాని ఆ పిలుపుకు ముందు వచ్చిన జవాబు, రాలేననే. ఆ రోజుల్లో సముద్రం దాటినవాణ్ణి కులం వెలివేసేది. పెళ్ళికి పిలిచేవారు కాదు, చావుకు వచ్చేవారు కాదు. మరుసటి ఏడాది కేంబ్రిడ్జి నుంచి నెవిల్ అనే మరో ఆచార్యుడు మద్రాసు వచ్చి నచ్చజెప్పేసరికి రామానుజన్ మనసు మారింది. ఆయన నామక్కల్ గుడిలో మూడు రాత్రులు నిద్రచేసి అమ్మవారి ఆజ్ఞ పొందారని ఒక కథ. తల్లికే కల వచ్చి, కొడుక్కి అడ్డుపడవద్దని అమ్మవారు చెప్పిందని మరో కథ. ఏది నిజమైనా, దేవుడి సెలవు లేకుండా ఆయన ఓడ ఎక్కలేదన్నమాట. మాంసం ముట్టనని మాట ఇచ్చి మరీ ఎక్కారు.

ప్రయాణానికి ముందు పిలక తీసేసి క్రాపు చేయించుకోవలసి వచ్చింది. ఆ రూపం తల్లి, భార్య చూడకూడదని వారిని ముందే కుంభకోణం పంపించేశారు. 1914 మార్చి 17న ‘నెవాసా’ అనే ఓడలో మద్రాసు విడిచి, ఏప్రిల్ 14న లండన్ చేరారు. పిలక పోయింది, పంచె పోయి సూటు వచ్చింది, కాలికి బూట్లు వచ్చాయి. పైకి కనిపించేవన్నీ మారిపోయాయి. ఇక మిగిలింది తిండి ఒక్కటే.

ట్రినిటీ కాలేజీలో అందరూ పెద్ద హాల్లో కలిసి భోంచేస్తారు. అక్కడ దొరికే స్నేహాలు, మాటలు చదువులో భాగమే. రామానుజన్ ఆ హాలుకు వెళ్ళలేదు. మాంసం వండే వంటశాలలో చేసిన కూరలు కూడా ఆయనకు పనికిరావు. తన గదిలోనే చిన్న గ్యాసు పొయ్యి పెట్టుకుని స్వయంపాకం మొదలుపెట్టారు. చింతపండు, మసాలా దినుసులు ఇంటి దగ్గర నుంచి పోస్టులో రావాలి. ఆయన చేసిన చారు తాగిన మన దేశపు విద్యార్థులు తర్వాత దాన్ని ఎంతో ఇష్టంగా తలుచుకున్నారు. ఒకసారి విందుకు పిలిచినప్పుడు అతిథులు మూడోసారి చారు వద్దన్నారని నొచ్చుకుని, చెప్పకుండా లేచి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిపోయి, కొన్నాళ్ళకు గాని తిరిగి రాలేదట! వడ్డించింది వద్దంటే మన ఇళ్ళలో మాత్రం బాధపడరా?

చలి సంగతి మరీ జాలి. తర్వాతి కాలంలో గొప్ప గణాంక శాస్త్రవేత్త అయిన మహలనోబిస్ అప్పుడు అక్కడే విద్యార్థి. ఒకనాడు వచ్చి, రాత్రి వెచ్చగా ఉంటోందా అని అడిగితే, ఓవర్‌కోటు వేసుకుని శాలువా కప్పుకుని పడుకుంటున్నానన్నారు రామానుజన్. మంచం మీద కంబళ్ళన్నీ దుప్పటి కింద మడత చెదరకుండా అలాగే ఉన్నాయి. వాటి మధ్యలోకి దూరి పడుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మహలనోబిసే చూపించారు.

1914 ఆగస్టులో యుద్ధం వచ్చింది. కూరగాయలు కరువయ్యాయి. ఇంటి నుంచి సామాన్లు ఆలస్యంగా వచ్చేవి. పనిలో పడితే ఆయనకు రాత్రీ పగలూ తెలియదు. రోజుకు ఒక్కసారే వండుకునేవారు, ఒక్కోరోజు అదీ లేదు. 1917లో జబ్బు పడ్డారు. క్షయ అన్నారు. శానిటోరియాల్లో పెట్టారు. ఆ రోజుల్లో క్షయకు చల్లగాలే మందు, తలుపులన్నీ బార్లా తీసి ఉంచేవారు. అక్కడి వంటవాళ్ళకు మన వంట రాదు. ఇంగ్లండులోనే ఉద్యోగం చేస్తున్న ఒక తమిళ మిత్రుడు 1918లో చూడవచ్చి, ఈ పట్టుదల ప్రాణం మీదకు తెస్తుందని బెంగపెట్టుకున్నాడు. ఇంటి దగ్గర అత్తాకోడళ్ళకు పడలేదు. భార్య ఉత్తరాలు ఆయనకు అందలేదు. నిస్పృహ ఎంతదాకా పోయిందంటే, 1918 మొదట్లో లండన్‌లో భూగర్భ రైలు ముందు పడబోయారు. అదృష్టవశాత్తు బతికి బయటపడ్డారు. అదే ఏడాది రాయల్ సొసైటీ ఫెలో, ట్రినిటీ ఫెలో అయ్యారు. గౌరవాలు అలా వచ్చాయి, ఆరోగ్యం రాలేదు.

ఇంత పట్టుదలా నమ్మకమేనా, లేక ఉత్త అలవాటా? హార్డీ నాస్తికుడు. రామానుజన్ నియమాలన్నీ ఆచారమే తప్ప గాఢమైన విశ్వాసం కాదని ఆయన అభిప్రాయం. మతాలన్నీ ఇంచుమించు ఒకేలా సత్యమని రామానుజన్ తనతో అన్నట్టు కూడా రాశారు. మన దేశపు స్నేహితులు చెప్పినది వేరు. నాకు రెండింటికీ పొత్తు కుదరదని అనిపించదు. ఎదుటివారి దేవుణ్ణి కాదనకుండా తన దేవుణ్ణి వదలనివారు మన తాతముత్తాతల్లో ఎందరు లేరు?

జబ్బుతోనే 1919 మార్చి 27న బొంబాయిలో దిగారు. బయలుదేరే ముందు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఒక ఉత్తరం రాశారు. ఏడాదికి 250 పౌన్లు తన అవసరాలకు మించినవనీ, తల్లిదండ్రులకు 50 పౌన్లు ఇచ్చి, తన ఖర్చులు పోను మిగిలింది పేద పిల్లల, అనాథల చదువులకు వాడమనీ. సముద్రం దాటిన దోషం పోవడానికి రామేశ్వరం తీసుకువెళ్ళి ప్రాయశ్చిత్తం చేయించాలని తల్లి ఆశపడింది. శరీరం సహకరించలేదు. మంచం మీదే పలక పట్టుకుని లెక్కలు చేస్తూ 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశారు. వయసు 32. ఆ జబ్బు క్షయ కాదు, కాలేయానికి పాకిన అమీబియాసిస్ అయి ఉండవచ్చనీ, ఆ రోజుల్లోనే నయం చేయగలిగేవారనీ 1994లో ఒక పరిశోధకుడు రాశారు.

అంత్యక్రియలకు బంధువుల్లో చాలామంది రాలేదు. సముద్రం దాటాడు, ప్రాయశ్చిత్తం జరగలేదు, కనుక మైల. ఆ పూట దహనానికి ఏర్పాట్లు చూసినది మళ్ళీ రామచంద్రరావు గారే. ఒక ముద్ద ఎక్కడ వండారో చూసుకుని తిన్న మనిషి, ఆ పట్టింపులో ఆరోగ్యం కూడా కరిగించుకున్న మనిషి, సొంతవారి లెక్కలో మాత్రం ఆచారం తప్పినవాడు! ఆయన గదిలో పొయ్యి దగ్గర ఏం వండుకున్నారో వీరెవరూ చూడలేదు. చూసిన హార్డీకి అది నమ్మకంగా కనిపించలేదు.

జానకి అమ్మాళ్ కుట్టుపని నేర్చుకుని, విశ్వవిద్యాలయం ఇచ్చిన కొద్దిపాటి పింఛనుతో ట్రిప్లికేన్‌లో గౌరవంగా జీవించి 1994లో కాలం చేశారు. కుటుంబ పింఛను విలువ మనకు వేరే చెప్పనక్కరలేదు.

మా అబ్బాయి విదేశం వెళ్ళిన కొత్తలో నేను ఫోన్ చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న, అక్కడ ఏం తింటున్నావురా అని. వాడు మాట తప్పించేవాడు, నేను ఇంకా గుచ్చి అడిగేవాణ్ణి. రామానుజన్ జీవితం చదివాక ఆ ప్రశ్న మానేశాను. ఆయనను అడగవలసిన ప్రశ్న అది కాదు కదా. వేళకు తింటున్నావా, చలికి కప్పుకుంటున్నావా అని అడిగే మనిషి దగ్గర లేకనే ఆయన అలా అయిపోయారు. ఇప్పుడు నేను మా వాణ్ణి అడిగేది ఆ రెండే. నియమం సంగతి వాడికీ వాడి దేవుడికీ తెలుసు. చిత్రమేమిటంటే, నేను అడగడం మానేశాక, చారు పొడి పంపమని వాడే అడిగాడు.